పిల్లలకని కట్టిన తాడువంతెన

పులిని అడిగేవాళ్లకు

అటవీ శాఖలో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు తమిళనాడులో, రాజపాళయంలో ఉన్న మా ఇంటికి వస్తుంటారు. కాఫీ ఇస్తాను. గ్లాసు కింద పెట్టకముందే అడుగుతారు: "అక్కా, మీరు పులిని చూసినారా?"

చూశాను. తోక చూశాను. తక్కినదంతా అప్పటికే పొదలోకి పోయింది. సర్వీసు మొత్తంలో నాకు దక్కిన పులి అంతే.

వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. నాకు నవ్వొస్తుంది. పాపం, అందరూ పులి కోసమే ఈ ఉద్యోగానికి వస్తారు. తీరా వచ్చాక వాళ్ల చేతికి చిక్కేది ఆదివారం. అందుకే నాకు తెలిసిన ఆదివారాల గురించి రాస్తున్నాను.

మా ఊరికి పడమట కొండ. కొండ కింద డ్యామ్. ఊరంతా తాగేది ఆ నీళ్లే. డ్యామ్ చుట్టూ అడవి, అడవికి ఆనుకుని మామిడి తోపులు. అక్కడ నేను ఫారెస్టరుగా పనిచేశాను. రేంజరుకు కింద, గార్డులకూ వాచర్లకూ పైన ఉండే ఉద్యోగం అది. పైనుంచి తిట్లు, కింది నుంచి ఫిర్యాదులు, మధ్యలో బోలెడంత గాలి, నీడ. ఇంతకంటే మంచి ఉద్యోగం ఉందని నాకు ఎవరూ నిరూపించలేదు.

సంగు

ఆదివారం వస్తే డ్యామ్ దగ్గర ఊరు దిగుతుంది. మినీ బస్సులో, షేర్ ఆటోల్లో, ఒక బండి మీద నలుగురేసి వస్తారు. పులిహోర, ఉడికించిన గుడ్లు, అరిటాకులో కట్టిన పరోటా. డ్యామ్‌లో దిగడానికి వీల్లేదు కాబట్టి దాని కింది వాగులో మునుగుతారు. తడి బట్టలు బండల మీద ఆరేసి, చింతచెట్ల కింద నిద్రపోతారు. వాళ్లలో ఎక్కువమంది నూలు మిల్లుల్లో పనిచేసేవాళ్లు.

నా మొదటి రేంజరు నాకు ఒక విజిల్ ఇచ్చి, "పాట పెడితే ఊదు, కోతికి తిండి పెడితే ఊదు, దారి తప్పి లోపలికి పోతే ఊదు" అన్నారు. ఆయన చెప్పినదానికంటే నేను ఎక్కువే ఊదాను. కొత్త యూనిఫాం, కొత్త విజిల్.

ఒక ఆదివారం వాగు ఒడ్డున నడి వయసు ఆవిడ ఒకరు తల తుడుచుకుంటూ నన్ను పిలిచారు. పేరు కృష్ణవేణి. సేత్తూరు మనిషి, మిల్లులో పని. ఇల్లంతా మాలాగే తెలుగు మాట్లాడేవాళ్లు.

"ఫారెస్టరమ్మా, ఒక మాట అడిగేదా?"

"అడగండక్కా."

"మిల్లులో సంగు ఊదితే లోపలికి పోతాము. సంగు ఊదితే తింటాము. సంగు ఊదితే ఇంటికి పోతాము. వారమంతా అదే దా. ఒక దినం చెవులకి లీవు ఇయ్యాలని ఇక్కడికి వస్తే మీరు ఊదతా ఉండారే!"

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. మిల్లు సైరన్‌ను మా ఊళ్లో సంగు అంటారు; ‘అదే దా’లోని ‘దా’, ‘అంతే’ అని నొక్కి చెప్పే తమిళ మాట. నేను వాళ్ల ఆదివారానికి మరో సంగునయ్యానని అర్థమై, నాకూ నవ్వొచ్చింది. విజిల్ జేబులో వేసుకున్నాను. "రాండి, కూర్చోండి, తినండి" అని కృష్ణవేణక్క ఆకు పరిచింది. ఆకు ముందు కూర్చున్నాక ఎవరినీ గద్దించలేము. తింటూ తింటూ, "పైకి చూడండి" అన్నాను.

చింతకొమ్మ మీద నెర ఉడుత బోర్లా పడుకుని ఉంది. ఎండకు నాలుగు కాళ్లూ కిందికి వేలాడేసి, పొడవాటి తోకను గాలికి వదిలేసి, అదీ ఆదివారంలాగే పడుకుంది. తమిళంలో దీన్ని నరై అణిల్ అంటారు. ఒంటి మీది వెంట్రుకలు నెరిసినట్టు బూడిద రంగులో, కొసలు తెల్లగా ఉంటాయి. పిల్లి అంత ఒళ్లు, ఒంటికి సమానంగా తోక.

"అయ్యో, ఇది అణిలా? ఇన్ని దినాలు దీని కిందనే పండుకొని ఉంటిమే!" అంది కృష్ణవేణక్క.

ఆ తర్వాత ఆ గుంపులో ఎవరికీ పాటలు ఆపమని చెప్పాల్సిన అవసరం రాలేదు. ఉడుత బెదిరిపోతుందని వాళ్లే పక్కవాళ్లను కసురుకునేవారు. గేటు దగ్గర మా బోర్డులో చేయకూడనివన్నీ రాసి ఉంటాయి. తల ఎత్తి చూడండి అని మాత్రం ఎక్కడా ఉండదు. కొత్తవాళ్లకు చెబుతున్నాను, ఆ ఒక్క మాట నోటితో చెప్పడమే మీ పనిలో సగం.

నేల మీదికి దిగినది

గేటు దాటాక ఒక చోట రోడ్డుకు ఒక పక్క అడవి, ఒక పక్క మామిడి తోపు. రెండు పక్కల చెట్లూ పైన కొమ్మలు కలుపుకుని ఉండేవి. ఆ కొమ్మల మీదుగా ఉడుతలు అటూ ఇటూ తిరిగేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వరసలో చెట్లు కొట్టేశారు. పైన ఆకాశం కనబడింది. జనానికి బాగానే ఉంది, బండ్లు హాయిగా తిరిగాయి. ఉడుతకు మాత్రం దారి తెగిపోయింది.

నెర ఉడుత పుట్టిన దగ్గర్నుంచి చెట్ల మీదే బతుకుతుంది. నేల దానికి తెలియని దేశం. అయినా తోపులో మామిడి పండితే ఆ వాసనకు ఆగలేదు. దిగేది. దిగి, రోడ్డు మధ్యలో ఏం చేయాలో తోచక నిలబడిపోయేది.

మొదటిదాన్ని సేత్తూరు యువకుడు ఒకడు తువ్వాలులో పెట్టుకుని మా ఆఫీసుకు తెచ్చాడు. అది అతని బండి కిందే పడి చచ్చిపోయింది. మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది, దాన్ని పట్టించుకోలేదు.

"నేను చూడలే అక్కా. బ్రేక్ కొట్టినాను, పడిపోయినాను. చెట్టు మీద ఉండేదానికి నేల మీద ఏమి పని అక్కా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. కొట్టేసిన చెట్లే ఆ జవాబు. మా వాచరు గురుసామి అతని మోచేతికి కట్టు కట్టి, టీ తాగించి పంపాడు.

తర్వాత ఇంకొకటి పోయింది. అప్పుడు జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చి రోడ్డు చూశారు. "ఇలాగే చస్తూ ఉంటే సందర్శకులను ఆపేయడమే మంచిది. గేటు మూసేద్దాం" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఉడుత మీద ప్రేమతోనే అన్నారు. కానీ మూసేయడం ఏ అధికారికైనా అన్నిటికంటే సులువైన పని. గేటు మూస్తే ఆగేది ఆదివారం జనం మాత్రమే. తోపులకు పోయే ట్రాక్టర్లూ మామిడి లారీలూ ఆగవు. ఉడుతలు చావడం ఆగదు. పైకి చూసే కళ్లు మాత్రం తగ్గిపోతాయి. ఇదే మాట ఆయనతో అన్నాను. "అయితే ఏదైనా దారి చూపించండి. వచ్చే ఏడు మామిడికాపు అయ్యేదాకా చూస్తాను" అన్నారు.

నైలాను నిచ్చెన

దారి తేలికే అనుకున్నాను. దారి తెగింది కాబట్టి దారి కట్టాలి, అంతే కదా. నైలాను తాళ్లతో అల్లిన సన్నటి నిచ్చెన తెప్పించి, రోడ్డుకు పైన ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు కట్టించాను. నీలం రంగులో నిగనిగలాడుతూ చాలా అందంగా ఉండింది. గురుసామి దాని మొదట్లో మామిడిపండు గుచ్చి, చింతపండు రాసి, అరటిపండు పిసికి పూశాడు. పెళ్లికూతురికి చేసినట్టు చేశాడు.

కొన్నాళ్లకు నవ్వు ఆపుకోలేక ఆఫీసుకు వచ్చాడు.

"అక్కా, మన అమ్మగారు వచ్చినాది."

"ఎక్కినాదా?"

"తాడు దగ్గరికి వచ్చినాది. మామిడిపండు తీసుకున్నాది. కొమ్మ మీద కూర్చొని ఓపికగా అంతా తిన్నాది. తాడుని ఒకసారి తొక్కి చూసినాది. తిరిగి కిందికి దిగి, రోడ్డు మీదనే నడిచి పోయినాది!"

"నువ్వేం చేసినావు?"

"ఏమి చేసేది? రెండు చేతులు చాపి ట్రాక్టరుని నిలిపినాను. అది ఆఫీసరమ్మ అక్కా. మనము పంపించిన ఫైలు చూస్తాది, సంతకం మాత్రం పెట్టదు."

నెలలు గడిచాయి. సంతకం పడలేదు. అప్పుడు కృష్ణవేణక్క, ఆమె తోటి ఆడవాళ్లు ఒక పని మొదలుపెట్టారు. ఆదివారాలు వంతులవారీగా ఆ చోట రోడ్డు పక్కన కూర్చునేవారు. ఉడుత దిగితే లేచి నిలబడి బండ్లను ఆపేవారు. కబుర్లు చెప్పుకుంటూ, పూలు కట్టుకుంటూ చేసేవారు. ఎవరూ వాళ్లను అడగలేదు. "మీకు సెలవు దినం కదక్కా, ఎందుకింత కష్టం?" అంటే, "ఇది కష్టమా? ఇక్కడ కూర్చునేదానికే కదా వస్తాము" అంది కృష్ణవేణక్క.

వాళ్లు ఆదివారం చూసుకున్నారు. తక్కిన రోజులు గురుసామి, నేను.

కొత్త సారు వంతెన

అప్పుడే మాకు కొత్త రేంజరు వచ్చారు. సెల్వరాజ్ అని, చెన్నై వైపు మనిషి. నాకంటే చాలా చిన్నవాడు. ఆయన మాట్లాడేది తమిళం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వచ్చిన వారానికే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. జనం కూర్చునే మైదానంలో, రెండు మద్దిచెట్ల మధ్య, పిల్లలు నడిచేందుకు తాడువంతెన కట్టాలి.

"సార్, ముందు ఉడుతలకు వంతెన కావాలి" అన్నాను.

"మీరు కట్టారు కదా, అది ఎక్కలేదు. నేను కట్టేది పిల్లలకు. వాళ్లు తప్పకుండా ఎక్కుతారు" అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఇది అడవి, పార్కు కాదు అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. "మేడం, నేను పెరిగిన వీధిలో చెట్టే లేదు. మొదటిసారి చెట్టెక్కింది ఉద్యోగంలో చేరాక. ఇక్కడి పిల్లలైనా ఒక్కసారి చెట్టు ఎత్తున నిలబడనివ్వండి" అన్నారు. ఆ మాట విన్నాక మద్దిచెట్లు చూపించడానికి నేనే వెంట వెళ్లాను. పై అధికారితో గొడవపడే ముందు, ఆయన ఎందుకు కోరుతున్నారో ఒకసారి విని చూడండి. సగం గొడవలు అక్కడే తగ్గిపోతాయి.

వంతెన కట్టారు. కొబ్బరి పీచుతో పేనిన లావుపాటి తాళ్లు, అడుగున చెక్కలు, పట్టుకోవడానికి రెండు పక్కలా తాళ్లు. పిల్లలు పడితే ఆగేలా కింద వల. ప్రారంభం రోజున రిబ్బను కట్టారు. పిల్లలు వరసగా నిలబడ్డారు. సారు కత్తెర పట్టుకుని ఫోటో కోసం నవ్వుతున్నారు.

మద్దిచెట్టు పైన ఆకులు కదిలాయి. నెర ఉడుత దిగివచ్చి, పక్క తాడు మీద కాలు పెట్టింది. ఒకసారి వాసన చూసింది. అంతే, తోక నిలువుగా పెట్టుకుని, ఆ కొస నుంచి ఈ కొసకు తిన్నగా నడిచి, రిబ్బను మీదుగా దూకి అవతలి చెట్టెక్కింది.

పిల్లలు పెట్టిన కేకకు డ్యామ్ అవతలి కొంగలు లేచాయి.

"సార్," అంది వెనకాల నుంచి కృష్ణవేణక్క, ఆయనకు అర్థమయ్యేలా తమిళంలో, "మొదటి టికెట్ అది తీసేసుకుంది."

సెల్వరాజ్ సారు కత్తెర పట్టుకుని అలాగే నిలబడ్డారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, నవ్వి నవ్వి కింద కూర్చుండిపోయారు. నేనూ నవ్వాను. కానీ నా కళ్లు తాడు మీదే ఉన్నాయి. నైలాను జారుతుంది, సన్నగా ఉంటుంది, గాలికి ఊగుతుంది. ఈ తాడు చెయ్యంత లావు, కొమ్మలా గరుకు, పైగా కొబ్బరి వాసన. ఉడుతకు కావలసింది తాడు కాదు, కొమ్మ. అంతమందిమి అన్ని నెలలు పండ్లు పూశామే కానీ, ఒక్కరమైనా దాని కాలి కిందికి ఏం తగులుతుందో ఆలోచించలేదు.

రోడ్డు పైకి

ఆ తాడు రోడ్డు మీదికి కావాలని నాకు తెలుసు. సారుకూ తెలుసు. కొత్తది పేనించాలంటే మామిడికాపు దాటిపోతుంది. ఆయనను అడగడానికి నాకు మనసు రాలేదు. పిల్లలు ఆ వంతెన మీద పడే సంతోషం నేనూ చూస్తున్నాను. చేతులు వదిలేసి, "అమ్మా, చూడు!" అని అరిచేవాళ్లు. కొందరు మధ్యలో భయపడి ఏడ్చి, దిగగానే మళ్లీ వరసలో నిలబడేవాళ్లు. పార్కు కాదన్న నేనే వాళ్ల చెప్పులకు కాపలా ఉన్నాను.

ఒక ఆదివారం సారు తనంతట తానే రోడ్డు దగ్గరికి వచ్చి ఆడవాళ్ల పక్కన కూర్చున్నారు. తోపులోంచి ఉడుత దిగింది. మలుపు తిరిగి లారీ వస్తోంది. కృష్ణవేణక్క లేచి, కొంగు నడుముకు చుట్టి, రోడ్డు మధ్యకు వెళ్లి నిలబడింది. లారీ కీచుమంటూ ఆగింది. ఆమెకూ లారీకీ మధ్య ఎక్కువ దూరం లేదు. ఉడుత ఆమె కాళ్ల పక్క నుంచి ఉరికి చెట్టెక్కింది. ఆమె తిరిగి వచ్చి, వదిలేసిన పూలమాల అందుకుంది.

సారు లేచి, నాతో ఒకే మాట అన్నారు. "రేపు వంతెన విప్పించండి మేడం. ఈ అమ్మ ఇంకోసారి రోడ్డు మీద నిలబడకూడదు."

కొబ్బరి చెట్లెక్కే ఇద్దరిని పిలిపించాం. చెక్కలు తీసేసి, వట్టి తాళ్లను రోడ్డుకు చాలా ఎత్తున, ఈ పక్క నేరేడు నుంచి ఆ పక్క మామిడికి బిగించారు. తీసిన చెక్కలతో సారు మైదానంలో నేలకు జానెడెత్తున ఒక చిన్న వంతెన వేయించారు. పిల్లలు దాన్నీ వదల్లేదు. అదే కొండ ఎత్తున ఉందనుకుని కేకలు పెడుతూ నడిచారు.

పెద్ద అధికారి మళ్లీ వచ్చారు. అందరం తల ఎత్తి నిలబడ్డాం. ఉడుత వచ్చింది. తాడు మొదట్లో కూర్చుని చింతకాయ తినసాగింది. తింటూనే ఉంది. ఆయన వాచీ చూసుకున్నారు.

"ఇది పనిచేస్తుందా?" అని నన్ను అడిగారు.

"తెలియదు సార్."

అవునని అబద్ధం చెప్పి ఉండాల్సిందేమో అనిపించింది. కానీ ఆయన తిరిగి వెళ్తూ జీపు ఎక్కబోయి ఆగి, "తెలియదని చెప్పే ఫారెస్టరును ఇప్పుడే చూస్తున్నాను. కాపు పూర్తయ్యేదాకా గేటు మూయను" అన్నారు. పిల్లలూ, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అడవి గురించి మనకు తెలిసింది కొంచెం. తెలియనిదాన్ని తెలియదనే చెప్పండి. వినేవాడు మంచివాడైతే కాస్త గడువిస్తాడు.

తోపులో పండ్లు దిగాక

కాపు చివరికొచ్చింది. అది ఆదివారం, సాయంత్రం ఎండ మెత్తబడిన వేళ. జనం ఇళ్లకు బయల్దేరుతున్నారు. రోడ్డు నిండా ఆటోలూ బండ్లూ. మినీ బస్సు కిక్కిరిసి కదలబోతోంది.

గురుసామి నా మోచెయ్యి పట్టుకుని, "అక్కా, నోట్లో ఏమో ఉండాది" అన్నాడు.

మామిడిచెట్టు కొసన ఆడ ఉడుత. నోట్లో పిల్ల. వెంట్రుకలు కూడా సరిగ్గా రాని గులాబీ రంగు ముద్ద. తోపులో పండ్లు కోసేవాళ్ల అలజడికి గూడు మారుస్తోందని అర్థమైంది. కింద ఇన్ని బండ్లు. అది దిగిందంటే ఎవరూ కాపాడలేరు.

నేను చెయ్యి ఎత్తాను. మినీ బస్సు డ్రైవరు పైకి చూసి, ఇంజను ఆపేశాడు. వెనక ఆటో ఆగింది. దాని వెనక బండ్లు ఒకటొకటిగా ఆగాయి. అంతమంది ఉన్న రోడ్డు మీద కొండగాలి శబ్దం వినబడింది.

ఉడుత తాడు మీద కాలు పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. నడిచింది. సరిగ్గా మధ్యలో ఆగి, నోట్లో పిల్లను సర్దుకుంది. కృష్ణవేణక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆమె గాజులు నా మణికట్టులో దిగబడ్డాయి. సెల్వరాజ్ సారు టోపీ తీసి గుండెకు ఆనించుకున్నారు. ఉడుత నడిచింది. నేరేడు కొమ్మల్లోకి దూరింది. ఆకులు కదలడం ఆగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డ్రైవరు బండి తాళం మీద చెయ్యి వేయబోతే బస్సులోంచి ఒక ముసలావిడ, "ఉండప్పా, ఇంగొకటి ఉంటాది. ఏ తల్లీ ఒక తూరితో ముగించదు" అంది.

నిజమే. ఖాళీ నోటితో అది తిరిగి వచ్చింది. ఈసారి తాడు దగ్గర ఆగనే లేదు, ఎప్పటినుంచో అలవాటున్న దారిలా నడిచి, తోపులోకి వెళ్లి, రెండో పిల్లను నోట కరుచుకుని మా అందరి తలల మీదుగా దాటిపోయింది.

కృష్ణవేణక్క నా చెయ్యి వదిలి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇల్లు మారినాది ఫారెస్టరమ్మా. మంచము లేదు, బీరువా లేదు, గ్యాసు స్టవ్వు లేదు. రెండు పిల్లలు దా సామాను. ఎంత సులువుగా మారిపోయినాది చూడండి!"

ముందు గురుసామి నవ్వాడు. తర్వాత సారు. తర్వాత రోడ్డు రోడ్డంతా నవ్వింది. బస్సు దిగి కొందరు, బండ్లు స్టాండు వేసి కొందరు నేరేడు చెట్టు కిందికి చేరి, కొత్త గూడు ఎక్కడ కట్టుకుందోనని కొమ్మ కొమ్మా వెతకసాగారు. చీకటి పడేలోగా అందరినీ బయటికి పంపడం నా పని. ఆ ఒక్క సాయంత్రం కాస్త ఆలస్యంగా చేశాను.